అంకె అక్షరానికా, ఆకారానికా?

ఇరవై ఏళ్ల కిందట డీటీపీలో కంపోజ్ చేసిన తెలుగు పుస్తకం ఫైలును ఇవాళ మామూలు కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనిపించదు. నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న యూరప్ అక్షరాలు, కొటేషన్ మార్కులు, డబ్బు గుర్తులు కలగాపులగంగా వరస కడతాయి. ఫైలు పాడైందనుకుంటాం. నిజానికి అందులో ఒక్క అంకె కూడా చెదరలేదు. ఏ అంకెకు ఏ బొమ్మ గీయాలో తెలిసిన ఫాంటు ఆ కంప్యూటర్‌లో లేదు, అంతే. కంప్యూటర్ దాచుకునేది అంకెల్నే కాబట్టి, వాటిని దేనికి కేటాయించామన్నదే అసలు సంగతి: భాషలోని అక్షరానికా, కాగితం మీద కనిపించే ఆకారానికా? తెలుగుకు మొదటిదే సరైన దారి అనీ, దాని మీద వినిపించే ఫిర్యాదులు చాలావరకు నిలబడవనీ నా అభిప్రాయం.

ఇంగ్లీషుకు ఈ తంటా లేదు. 1963లో అమెరికాలో మొదలైన ఆస్కీ పట్టికలో ఉన్నవి 128 స్థానాలే. పెద్ద ఏకు 65, తర్వాత చేరిన చిన్న ఏకు 97. అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే మాట తయారవుతుంది. తెలుగులో హల్లు నెత్తిన తలకట్టో గుడో కూర్చుంటుంది, కింద ఒత్తు వేలాడుతుంది. లెటర్‌ప్రెస్ రోజుల్లో కంపోజిటర్ ముందు అన్ని గళ్లు ఉండేది అందుకే. డీటీపీ ఫాంట్లు చేసినవాళ్లు ఆ సీసపు ముక్కల్లాంటి ఆకారాల్నే ఎంచి, ఉన్న 256 స్థానాల్లో ఇరికించారు. అచ్చు వరకు అది భేషుగ్గా పనిచేసింది. ఆ పనితనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఎవరి సర్దుబాటు వాళ్లది. ఒక ఫాంటులో గుడి ఉన్న అంకె దగ్గర ఇంకో ఫాంటులో దీర్ఘం ఉండేది. తొలి రోజుల్లో పత్రికల వెబ్‌సైట్లు చదవాలంటే ఏ పత్రిక ఫాంటు ఆ పత్రికకే దించుకోవాల్సి వచ్చేది. ఇక ఒక మాట కోసం వెతకడమూ, పేర్లను అకారాది క్రమంలో పెట్టడమూ ఎలా కుదురుతాయి?

1991లో వచ్చిన యూనికోడ్ ఆకారాన్ని వదిలి అక్షరాన్ని పట్టుకుంది. ప్రధాన భారతీయ లిపులకు ఒకే వరస పెట్టిన మన ఇస్కీ ప్రమాణమే అందులో ఆ లిపుల అమరికకు పునాది. అందుకే హిందీ క 2325, తెలుగు క 3093, కన్నడ క 3221. క నుంచి హ దాకా ఇప్పుడు వాడుకలో ఉన్న ఏ తెలుగు హల్లు అంకెకైనా 128 కలిపితే కన్నడ హల్లు వచ్చేస్తుంది. ఇప్పుడు ‘స్త్రీ’ని విప్పి చూద్దాం. స 3128, పొల్లు 3149, త 3108, మళ్లీ పొల్లు 3149, ర 3120, చివర గుడిదీర్ఘం 3136. కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు అంకెలు. తవత్తుకు, రవత్తుకు విడిగా అంకెల్లేవు. పొల్లు వెనక హల్లు వస్తే దాన్ని ఒత్తుగా మార్చి గీసే బాధ్యత ఫాంటుది, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ది. ఫాంటు మార్చినా, ఫోను మార్చినా ఈ ఆరు మారవు.

ఇలా ముక్కలు చేసే బదులు మొత్తం అక్షరానికే ఒక అంకె ఇవ్వొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. తమిళంలో ఆ కోరిక బలంగా వినిపించి, 2010లో తమిళనాడు ప్రభుత్వం అలాంటి పద్ధతిని గుర్తించింది కూడా. అక్కడ అక్షరాలు 247, లెక్క తెగుతుంది. మనకు 36 హల్లులు, 16 గుణింతాలు అనుకుంటే 576. ఒక ఒత్తు చేరితే మరో 20,736. రెండు ఒత్తులదాకా వెళ్తే ఏడు లక్షలు దాటుతుంది. యూనికోడ్‌లో ప్రపంచ లిపులన్నిటికీ కలిపి ఇప్పటిదాకా ఇచ్చిన అంకెలే లక్షన్నర చిల్లర! వాటిలో చాలావరకు ఎవరూ పలకనివే, వాడుకలో ఉన్నవాటికే ఇస్తే చాలదా అంటే, ఆ జాబితా ఎవరు రాస్తారు? ‘టెక్స్ట్’, ‘స్క్రిప్ట్’ లాంటి మాటలు ఏ వ్యాకరణాన్నీ అడగకుండా వచ్చి కూర్చున్నాయి. రేపు వచ్చే మాట ఏ ఒత్తుల గుత్తితో వస్తుందో ముందే చెప్పగలవారు లేరు.

రెండో ఫిర్యాదు చోటు గురించి. ఇంటర్నెట్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ఒక్కో అంకెకు మూడు. ‘స్త్రీ’ ఒక్కటే 18 బైట్లు మింగుతుంది. నిజమే, కానీ అయిదు లక్షల అంకెలు పట్టే పెద్ద నవల కూడా పదిహేను లక్షల బైట్లే. ఫోనుతో తీసిన ఒక ఫొటో అంతకన్నా ఎక్కువ చోటు తింటుంది. ఎస్సెమ్మెస్‌లో మాత్రం దెబ్బ తగులుతుంది: ఇంగ్లీషుకు 160 ఉంటే తెలుగుకు 70, అందులో ‘స్త్రీ’కే ఆరు ఖర్చు. ఇది కాదనలేని నష్టం.

మూడోది 2018 ఫిబ్రవరి నాటి గొడవ. ‘జ్ఞా’ను ఒక కనిపించని గుర్తుతో కలిపి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. తెలుగు లిపి మరీ చిక్కు అనీ, దానికి పెట్టిన పద్ధతి బలహీనమనీ వ్యాఖ్యానాలు వచ్చాయి. అదే వరసను ఆండ్రాయిడ్ ఫోన్లు మామూలుగానే చూపాయి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సాఫ్ట్‌వేర్ సరిచేసింది. తెలుగు అంకెల్లో ఒక్కటీ మార్చాల్సిన పని పడలేదు. తప్పు గీతలో ఉంది కాబట్టి గీతనే దిద్దారు. పాత డీటీపీ పద్ధతిలో గీతా అంకే ఒకటే కనుక, సర్దుబాటు మారిస్తే పాత ఫైళ్లన్నీ చెడేవి.

యూనికోడ్ పట్టికలో లోపాలు లేవని కాదు. ౘ, ౙలు 2008 దాకా అందులో లేవు. పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లు 2021లో గానీ చేరలేదు. వీటికన్నా ఇబ్బంది పెట్టేది ఐత్వం. దాన్ని 3144 అనే ఒక్క అంకెతో రాయొచ్చు, 3142 పక్కన 3158 పెట్టి రెండుతోనూ రాయొచ్చు. కంటికి తేడా తెలియదు. వెతికే ముందు రెండింటినీ ఒకటిగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోనే ఉంది. దాన్ని పట్టించుకోని సాఫ్ట్‌వేర్ ఉన్న ఆఫీసులో కైకలూరు రెండు ఊళ్లవుతుంది.