బుధవారపు గొంతుక: బాల్యపు జ్ఞాపకాలను గూర్చి కొన్ని మాటలు

2024 ఫిబ్రవరి 20వ తేదీన ముంబయిలో అమీన్ సయానీ గారు 91 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. మరునాడు ఉదయం నాకు ఆ వార్త తెలిసింది. ఆ రోజు బుధవారం కావడం యాదృచ్ఛికమే గాని, నా మనస్సు మాత్రం అలా ఒప్పుకోలేదు. తరగతిలో పాఠం ప్రారంభించబోతూ ఈ సంగతి విద్యార్థులతో చెప్పాను. అందరూ నిశ్శబ్దంగా విన్నారు. పెద్దవారు బాధలో ఉన్నప్పుడు పిల్లలు చూపే మర్యాద ఆ నిశ్శబ్దంలో ఉన్నది. కొంతసేపటికి వెనుక వరుస నుండి ఒక విద్యార్థి లేచి, "ఆయన మీకు బంధువులా సార్?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా వయస్సు నాకు తెలియనిది కాదు. అయినను నేను పెద్దవాడినైపోయానన్న సంగతి ఆ ప్రశ్న తెలిపినంత స్పష్టంగా నెరసిన జుట్టు కూడా తెలుపలేదు. నాడు ఇవ్వలేకపోయిన ఆ జవాబును ఇక్కడ వ్రాసుకుంటున్నాను. విద్యార్థులు, కళాశాల కమిటీ పెద్దలు ఓపికతో చదువగలరని ఆశ.

మొదట ఆయన ఎవరో చెప్పాలి. 1952లో రేడియో సిలోన్ 'బినాకా గీత్‌మాలా' అనే హిందీ సినిమా పాటల కార్యక్రమాన్ని ప్రారంభించింది. బినాకా అనేది ఒక టూత్‌పేస్టు పేరు. ఆ డబ్బాలో పిల్లల కోసం చిన్న చిన్న ప్లాస్టిక్ జంతువు బొమ్మలు పెట్టేవారు. ఆ కార్యక్రమాన్ని నిర్వహించిన యువకునికి అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళు. కార్యక్రమాన్ని బొంబాయిలో రికార్డు చేసి, టేపులను విమానంలో కొలంబోకు పంపేవారు. మొదట్లో ఏడు పాటలు వినిపించి, వాటిని జనాదరణ క్రమంలో పేర్చి వ్రాయమని శ్రోతలను అడిగేవారు. సరిగ్గా పేర్చినవారికి బహుమానం. తర్వాత కార్యక్రమమే వారం వారం పాటలకు వరుస సంఖ్యలు ఇచ్చే పద్ధతికి మారింది. ఆ మెట్లను సయానీ గారు 'పాయ్‌దాన్' అనేవారు. ఏ పాట ఏ పాయ్‌దాన్ ఎక్కింది, ఏది దిగింది అన్నది వారమంతా చర్చనీయాంశం.

ఆయన భాషను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే చదివే మన కళాశాలకు అది సంబంధించిన విషయమే. ఆయన తల్లి కుల్సుమ్ సయానీ గారు కొత్తగా అక్షరాలు నేర్చుకున్న పెద్దల కోసం 'రహ్‌బర్' అనే పక్షపత్రిక నడిపారు. గాంధీజీ ప్రోత్సాహంతో సాగిన ఆ పత్రికలో భాష ఒకటే, సులభమైన హిందుస్తానీ. లిపులు మాత్రం మూడు - నాగరి, ఉర్దూ, గుజరాతీ. చిన్నతనంలో అమీన్ ఆ పత్రిక పనిలో తల్లికి సాయపడేవారు. తన సరళమైన మాటతీరు అక్కడే అబ్బిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు. అందువల్లనే హిందీ రాని నిజామాబాదు పిల్లవానికి కూడా ఆయన చెప్పేది సగానికి పైగా అర్థమయ్యేది.

ఆ పిల్లవాడిని నేనే. 1970ల చివరి సంవత్సరాలవి. అప్పటికి పేస్టు పేరుతో పాటు కార్యక్రమం పేరు కూడా సిబాకాగా మారింది గాని, మా వీధిలో దానిని బినాకా అనే పిలిచేవారు. మా ఇంట్లో రేడియో లేదు. పక్కింటి చాచా దగ్గర ఒక మర్ఫీ సెట్టు ఉండేది. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు వీధిలోని పిల్లలమంతా వారి వరండాలో చేరేవాళ్ళం. ఆడవారు లోపల పరదా వెనుక కూర్చుని వినేవారు. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలో చాలా ఎత్తున ఉన్న విద్యుదావేశపు పొరకు తగిలి తిరిగి నేలకు వస్తాయి. ఆ పొర నిలకడగా ఉండదు. అందుచేత సయానీ గొంతు ఒకసారి చెవిలో చెప్పినట్లు వినిపించి, మరుక్షణం సముద్రంలో మునిగినట్లు పోయేది. సరిగ్గా మొదటి పాయ్‌దాన్ పాట పేరు చెప్పే సమయానికే మునిగేదని మాకు గట్టి నమ్మకం. అప్పుడు చాచా లేచి మరమీద వేలు పెట్టేవారు. మేము ఊపిరి బిగబట్టేవాళ్ళం.

చాచా ప్రతివారం పాటల వరుసను ఒక నోటుబుక్కులో ఉర్దూలో వ్రాసుకునేవారు. ఆయన్ని చూసి నేను కూడా ఒక పుస్తకం పెట్టి తెలుగులో వ్రాయసాగాను. గొంతు మునిగిపోయిన చోట ఆయనకొకటి, నాకొకటి వినిపించేది. మరునాడు పొద్దున రెండు పుస్తకాలు పక్కన పెట్టుకొని వాదించుకునేవాళ్ళం. ఆయన వయస్సు అప్పటికి యాభై దాటింది, నాకు పదకొండు. "బేటా, నీ చెవి కొత్తది, నా చెవి అనుభవం గలది" అనేవారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ పాటలే నేడు ఫోనులో ఏ అంతరాయమూ లేకుండా, ఏ క్షణంలో కావలిస్తే ఆ క్షణంలో దొరుకుతున్నాయి. వింటాను, గొంతు పట్టేస్తుంది. ఆ పాటల గొప్పతనమే దీనికి కారణమని చాలాకాలం అనుకున్నాను. తరగతిలో విద్యార్థుల పాటలను ఎన్నోసార్లు ఎగతాళి కూడా చేశాను. అది సరికాదని ఇప్పుడు తోస్తున్నది. ఎందుకో వివరిస్తాను.

గతాన్ని తలచుకొని కలిగే ఈ వ్యథకు ఐరోపా భాషల్లో 'నాస్టాల్జియా' అని పేరు. ఈ పదం ప్రాచీనం కాదు. 1688లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో యోహన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం కోసం, ఇంటికి తిరిగి రావడం, నొప్పి అనే అర్థాలు గల రెండు గ్రీకు మాటలను అతికి దీనిని కల్పించాడు. ఆయన దృష్టిలో అది జబ్బు. ఇల్లు విడిచి పరదేశంలో ఉన్న స్విస్సులు దానివల్ల చిక్కి శల్యమయ్యేవారు. తర్వాతి కాలంలో ఈ రోగం ముఖ్యంగా పరాయి రాజుల కొలువులో ఉన్న స్విస్సు సైనికులకు అంటగట్టబడింది. వారి కొండల్లో పశువులను పిలిచే ఒక రాగం ఉన్నది. అది వినగానే సైనికులు కంట తడిపెట్టి, కొలువు విడిచి పారిపోయేవారనీ, అందుచేత దళాలలో దానిని వాయించడం మరణదండనతో నిషేధించారనీ రూసో 1768లో తన సంగీత నిఘంటువులో వ్రాశాడు. ఆ నిషేధం కథ ఎంతవరకు నిజమో అటుంచి, ఆయన దానికి జోడించిన వివరణ అమూల్యం. ఆ రాగం పరదేశీయులపై ఏ ప్రభావమూ చూపదు. కనుక దాని బలం సంగీతంలో లేదు, అది స్మారక చిహ్నంగా పనిచేస్తున్నది, అన్నాడు. రెండున్నర శతాబ్దాల క్రిందటి ఈ వాక్యంలో నిజామాబాదు వరండా అంతా ఇమిడి ఉన్నది.

ఆధునిక మనస్తత్వశాస్త్రం ఇదే సంగతిని వేరొక దారిలో చేరుకున్నది. నడివయస్సు దాటినవారిని తమ జీవితంలోని జ్ఞాపకాలను చెప్పమంటే, ఇటీవలి సంఘటనలను మినహాయిస్తే, సుమారు పది నుండి ముప్పై ఏళ్ళ మధ్యకాలానివే ఎక్కువగా చెబుతారు. కాగితంపై గీత గీస్తే ఆ చోట మూపురం వలె ఎత్తుగా కనిపిస్తుంది. సంగీతం విషయంలో 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు అమెరికను పరిశోధకులు 108 మందికి వేర్వేరు దశాబ్దాల 28 పాటలు వినిపించి, ఏది ఎంత నచ్చిందో అడిగారు. తమకు సుమారు ఇరవైనాలుగేళ్ళ వయస్సు ఉన్నప్పుడు ప్రచారంలో ఉన్న పాటలనే వారు అందరికంటె ఎక్కువగా మెచ్చుకున్నారు. పరిశోధన చిన్నదే, ఆ సంఖ్యను వేదవాక్కుగా తీసుకోనవసరం లేదు. కాని దాని సూచన తేటగా ఉన్నది. ప్రతి తరానికీ తన పడుచుకాలపు పాటలే స్వర్ణయుగం. ఆ వయస్సులో జరిగేవి చాలావరకు మొదటిసారి జరిగేవి. మొదటి స్నేహం, మొదటి ప్రయాణం, మొదటి జీతం - మనస్సు వాటిని గట్టిగా పట్టుకుంటుంది. ఆ తర్వాత సంవత్సరాలు ఒకదానిని ఒకటి పోలి ఉండి త్వరత్వరగా జారిపోతాయి.

ఈ మాట నమ్మనివారు నా బాల్యపు పాటలను నాటి పెద్దలు ఏమనేవారో తెలుసుకోవాలి. 1952లో కేంద్ర సమాచార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతమే దేశాన్ని తీర్చిదిద్దుతుందని ఆయన విశ్వాసం. ఆకాశవాణిలో సినిమా పాటల వాటా కుదించబడింది. నిర్మాతలతో వివాదం రాగా అవి దాదాపు వినిపించకుండానే పోయాయి. యుద్ధకాలంలో మిత్రపక్షాల సైన్యం కోసం కొలంబోలో స్థాపించిన బలమైన ట్రాన్స్‌మిటర్ అప్పటికి రేడియో సిలోన్ చేతిలో ఉన్నది. శ్రోతలు అటు మళ్ళారు. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధ భారతిని ప్రారంభించవలసి వచ్చింది. అనగా ఈనాడు నేను కన్నీళ్ళతో వినే పాటలు ఒకప్పుడు జాతిని పాడుచేసేవిగా ప్రభుత్వం చేతనే తిరస్కరింపబడ్డాయి! మా నాన్నగారి అభిప్రాయం కూడా కేస్కర్ గారిదే. గీత్‌మాలా గురించి ఆయన ఆడిన మాటలనే నేను మొన్న తరగతిలో ఇంకొకరి పాటల గురించి ఆడాను.

జ్ఞాపకానికి మరొక దోషం కూడా ఉన్నది. అది ఖర్చులు వ్రాసుకోదు. రేడియో కొనలేని ఇండ్లు ఎన్నో ఉండేవి. కొన్నవారు 1980లలో రద్దయ్యే వరకు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టేవారు. వరండాలో అందరం కలిసి విన్నామని మురిసిపోతాను గాని, ఇంట్లో రేడియో ఉంటే నేను ఆ వరండాకు వెళ్ళేవాడినా? పరదా వెనుక కూర్చున్నవారు ఏ పాట ఏ పాయ్‌దాన్‌లో ఉండాలనుకున్నారో ఎవరూ అడుగలేదు, ఎవరి పుస్తకంలోనూ అది లేదు.

అయితే ఇదంతా భ్రమ అని తోసివేయడానికి నాకు మనసొప్పదు. జ్ఞాపకం చిహ్నాన్ని పట్టుకొని నిలుస్తుందని రూసో చెప్పినది నిజమైతే, చిహ్నం పోయిన నాడు ఏమవుతుంది? మా ఇంటికి 'చందమామ' వచ్చేది, చాచా ఇంటికి ఢిల్లీ నుండి ఉర్దూ బాలపత్రిక 'ఖిలౌనా' వచ్చేది. చాచా కొడుకు నా సహపాఠి. వాడికి విక్రమార్కుని బేతాళ కథలు నేను చదివి వినిపించేవాడిని, నాకు ఖిలౌనా కథలు వాడు. 1947 జులైలో పుట్టి, కొడవటిగంటి కుటుంబరావు గారి చేతుల మీదుగా రూపుదిద్దుకొని, శంకర్ గారి బొమ్మలతో ఇంటింటా వెలసిన చందమామ ఈ శతాబ్దపు రెండవ దశకం తొలినాళ్ళలో నిలిచిపోయింది. ఖిలౌనా అంతకు చాలా ముందు, 1980లలోనే ఆగిపోయింది. గీత్‌మాలా 1989లో వివిధ భారతికి మారి, 1994 వరకు సాగింది. తర్వాత పునరుద్ధరించినా అది కొద్దికాలమే. నా చందమామల కట్టను ఇల్లు మారినప్పుడు నేనే తూకానికి అమ్మాను. పాటల పుస్తకం కూడా ఆ కట్టలోనే పోయిందని తర్వాత తెలిసింది.

విద్యార్థులకు ఇది దూరపు సంగతి అనుకోరాదు. మొన్న వరండాలో ఇద్దరు అమ్మాయిలు 'ఛోటా భీమ్' బొమ్మల గురించి, "మా చిన్నప్పుడు" అంటూ చెప్పుకొని నవ్వుకోవడం విన్నాను. ఇద్దరికీ ఇరవై నిండలేదు. మొదట నవ్వు వచ్చింది. పిదప ఆలోచించగా వారి నష్టం నా నష్టం కంటె వేగవంతమైనదని తోచింది. టిక్‌టాక్‌ను 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించినప్పుడు, ఆ పిల్లలు స్నేహితులతో కలిసి తీసుకున్న దృశ్యాలు కొద్దిరోజులలోనే వారికి అందకుండా పోయాయి. అదే సంవత్సరం చివర 'ఫ్లాష్' నిలిచిపోవడంతో కంప్యూటరులో వారు ఆడుకున్న ఎన్నో ఆటలు తెరుచుకోవడం మానేశాయి. మా పత్రికలను చెదలు తినడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. కాగితమైతే ఎక్కడో ఒక అటక మీద ఒక సంచిక మిగులుతుంది.

ఆ బుధవారం రాత్రి నా చిన్ననాటి సహపాఠి జెడ్డా నుండి ఫోను చేశాడు. సయానీ గారి మాట ఎత్తలేదు. "అబ్బాజాన్ నోటుబుక్కు నా దగ్గరే ఉందిరా. మా అమ్మాయికి ఉర్దూ చదవడం రాదు. నీకూ రాదు. ఏం చేయమంటావు?" అన్నాడు. నాలుగు నెలల తర్వాత ఆ పుస్తకాన్ని ఎవరి చేతనో పంపించాడు. అట్ట చిరిగింది, సిరా కొన్నిచోట్ల వెలిసింది. ఉర్దూ విభాగపు ద్వితీయ సంవత్సరం విద్యార్థినులు ముగ్గురు దానిని మధ్యాహ్నపు విరామంలో నాకు చదివి వినిపిస్తున్నారు. నేను తెలుగులో వ్రాసుకుంటున్నాను. పాటల పేర్ల పక్కన అక్కడక్కడ చాచా తన మాటలు కూడా వ్రాశారు. ఒకచోట, "పక్కింటి అబ్బాయి దీనిని మూడవది అంటున్నాడు" అని ఉన్నది.

కళాశాల కమిటీ వారికి నా మనవి ఒకటే. గ్రంథాలయంలో ఒక బీరువా ఇప్పించినట్లయితే, ఇట్టి నోటుబుక్కులు, పాత బాలపత్రికలు, క్యాసెట్లు అందులో భద్రపరచవచ్చును. విద్యార్థులు తమ ఇండ్లలో అమ్మమ్మలను, నానమ్మలను, దాదీలను, నానీలను అడిగి చూడగలరు. ప్రస్తుతానికి మా వద్ద చాచా పుస్తకం గాక, చందమామ సంచికలు మూడు, ఖిలౌనా ఒకటి ఉన్నాయి. ఖిలౌనాకు చివరి నాలుగు పుటలు లేవు.