మోటారు చుట్టే చేతికి డిగ్రీ దారి

మహేంద్రతనయ నది ఒడ్డున పాతపట్నం ఉన్నది. అవతల పర్లాకిమిడి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది, పాతపట్నం ఇటు నిలిచింది. అయినా నౌపడా నుంచి గుణుపురం వెళ్లే రైలు నేటికీ రెండు ఊళ్లనూ కలుపుతూనే ఉన్నది. ఈ సరిహద్దు ఊళ్లో నీటి మోటార్లు చుట్టి జీవించే ఒక సోదరుని ఇంటికి ఇటీవల మేము వెళ్లాము. ఆయన కుమారుడు ఇంటర్మీడియట్‌లో ఎలక్ట్రికల్ వృత్తి కోర్సు మంచి మార్కులతో పూర్తి చేశాడు. పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చునని ఎవరో చెప్పగా ఆశతో వెళ్లాడు. “బ్రిడ్జి కోర్సు రాశావా?” అని అక్కడ అడిగారట. ఆ మాట వినడం అతనికి అదే మొదటిసారి. వెనుదిరిగి వచ్చాడు.

“రెండేళ్లు చదివినది చదువు కాదా, భాయీ?” అని ఆ తండ్రి మమ్మల్ని అడిగాడు.

చదువే. మన రాష్ట్రంలో ఇంటర్ బోర్డు నడిపే రెండేళ్ల వృత్తి కోర్సు సాధారణ ఇంటర్‌కు తక్కువది కాదు. అందులో ఇంగ్లీషు ఉన్నది, సాధారణ పునాది కోర్సు ఉన్నది, వృత్తి విషయాల సిద్ధాంతమూ ప్రాక్టికల్సూ ఉన్నవి. వీటికి తోడు పని జరిగే చోటికే వెళ్లి నేర్చుకునే శిక్షణ కూడా ఉన్నది. లోటు ఒక్కటే. ఎంపీసీ, బైపీసీ విద్యార్థులు చదివే గణితం, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఇందులో పూర్తిగా ఉండవు. ఆ లోటును పూడ్చేదే బ్రిడ్జి కోర్సు. దానికి వేరుగా నమోదు కావాలి, వేరుగా పరీక్ష రాయాలి. అది ఉత్తీర్ణుడైన విద్యార్థికి సంబంధిత శాఖలో పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరపు తలుపు తెరుచుకుంటుంది. ఈఏపీసెట్ రాసే అర్హత కూడా లభిస్తుంది. అక్కడ డిప్లొమా ముగించినవాడు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. అంటే వర్క్‌షాపులో గడిపిన కాలాన్ని పై చదువు ఒక ఏడాదిగా లెక్క కట్టి ఇస్తున్నదన్నమాట. అమెరికాలో ఉన్నత పాఠశాలలోనే వృత్తి శిక్షణ పొందిన పిల్లలకు కళాశాల క్రెడిట్లు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. పేరు వేరు, ఆలోచన ఇదే.

అయితే తల్లిదండ్రులు ఒక లెక్క తప్పక వేసుకోవాలి. పదో తరగతి తర్వాత పాలిసెట్ ద్వారా డిప్లొమాలో చేరితే మూడేళ్లు. వృత్తి ఇంటర్ ద్వారా వెళ్తే రెండూ రెండూ నాలుగేళ్లు. డిప్లొమా మీదుగా బీటెక్ దాకా వెళ్లదలచినవారికి మొదటి దారిలో ఆరేళ్లు, రెండో దారిలో ఏడేళ్లు పడుతుంది. వృత్తి ఇంటర్ తర్వాత ఈఏపీసెట్‌లో నేరుగా సీటు వస్తే ఆరేళ్లే. కనుక పాలిసెట్‌లో మంచి సీటు తెచ్చుకోగల పిల్లవాణ్ణి మేము ముందుగా ఆ దారికే పంపుతాము. కానీ పదహారేళ్లకే కుమారుని చేతి సాయం అవసరమైన ఇల్లు వేరు. అటువంటి ఇంటికి రెండేళ్లలో చేతికొచ్చే పని, అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో దొరికే శిక్షణ, ఆపై తెరిచే ఉండే చదువు దారి ఎంతో విలువైనవి. ఆ ఒక్క అదనపు ఏడాది నష్టమని మేము అనుకోము.

మన ఇళ్లలో అసలు సమస్య మరొకటి. మార్కులు తక్కువ వచ్చినవాడికే వృత్తి కోర్సు అనే భావన మనలో పాతుకుపోయింది. దావూద్ (అలైహిస్సలాం) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తబరిచాడనీ, కవచపు కడియాలను సరైన కొలతతో అల్లమని ఆదేశించాడనీ దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. ఆ కొలత అన్న మాటను మేము పదే పదే తలచుకుంటాము. పని చేయమనడమే కాదు, కొలిచి చేయమనడం కూడా అందులో ఉన్నది. తన చేతి కష్టంతో తినే అన్నం కన్నా మేలైనది లేదని బోధించినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఉదాహరణగా చూపినది కూడా దావూద్ (అలైహిస్సలాం)నే. జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగం చేసేవారు. ఇవన్నీ మస్జిద్‌లో విని తల ఊపి, ఇంటికి వచ్చి, “చదువు రాకపోతే మెకానిక్ పనికి పంపిస్తా” అని పిల్లవాణ్ణి బెదిరిస్తాము!

ఆడపిల్లల విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, కంప్యూటర్ సైన్స్, దుస్తుల తయారీ, అకౌంటింగ్ వంటి కోర్సులు వృత్తి ఇంటర్‌లో ఉన్నవి. దగ్గరి ఊళ్లో సీటు ఉన్నదని మాత్రమే కోర్సు నిర్ణయించే ఇళ్లు అనేకం. దూరం పట్ల తల్లిదండ్రుల భయాన్ని మేము తేలికగా తీసుకోము. అయితే ల్యాబ్ కోర్సు చేసిన అమ్మాయి జీవశాస్త్ర బ్రిడ్జి కోర్సు రాయకపోతే సైన్సు డిగ్రీ ఆశ అక్కడే సన్నగిల్లుతుంది. నమోదు గడువు తెలియక జరిగే నష్టమిది, తెలివి తక్కువై కాదు.

2023 ఏప్రిల్‌లో యూజీసీ విడుదల చేసిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఈ తలుపులన్నిటినీ ఒకే తాళంతో తెరవాలని చూస్తున్నది. దాని ప్రకారం 30 గంటల అభ్యాసం ఒక క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. తరగతి గదిలో గడిపిన గంటకూ వర్క్‌షాపులో గడిపిన గంటకూ తేడా లేదు. క్రెడిట్లను దాచే అకడమిక్ బ్యాంకు 2021లోనే ఏర్పడింది. ఆశయం గొప్పది. అయితే మన పిల్లలు రేపు ఉదయం నిలబడవలసిన కౌంటరులో అడిగేది బ్రిడ్జి కోర్సు మెమో గనుక ముందు దాన్ని సంపాదించుకోవాలి. పర్లాకిమిడి వైపు చదవదలచినవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. వంతెన దాటడానికి నిమిషాలు చాలు గాని, అవతల బోర్డు వేరు, ప్రవేశ పరీక్ష వేరు, స్థానికత నియమాలు వేరు.

మేము లేచి వస్తుండగా ఆ సోదరుడు లోపలి గది వైపు చూసి, “మా చిన్నది ఈ ఏడు పదో తరగతి. ల్యాబ్ కోర్సు అంటున్నది” అన్నాడు. చేరేటప్పుడే ప్రిన్సిపాల్‌ను అడగవలసినవి మూడు ఒక కాగితంపై రాసి ఇచ్చాము: ఈ కోర్సుకు బ్రిడ్జి కోర్సు ఏ విషయాల్లో? నమోదుకు చివరి తేదీ ఎప్పుడు? పాఠాలు ఎవరు చెబుతారు? ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కుమారుడు దాన్ని అడిగి తీసుకుని, మరో కాగితం మీద ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు.