బీళ్లలోనికి మోటారుబండ్లను రానీయరాదు



బట్టమేకపిట్ట యొకప్పుడు మన మెట్టబీళ్లలో తిరుగుచుండెను. ఇది మిడుతలను, పురుగులను తిని పైరులకు మేలు చేయును. ఆడుపిట్ట నేలపై పెట్టునది సాధారణముగా ఒక్క గ్రుడ్డే. కావున చచ్చినదాని లోటు త్వరగా తీరదు. బీళ్లు సాగులోనికి వచ్చుటయు, వేటయు దీనిని క్షీణింపజేసినవి.

కాలినడకను వచ్చు వేటకానిని చూచి యీ పిట్ట దూరమునుండియే తొలగిపోవును. బండిని అంతగా శంకింపదు. జీపులు వచ్చిన పిదప ఆ దూరమను రక్షణ పోయెను.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము మోటారుబండినుండి వేటాడుటను నిషేధించెను. 1988లో అప్పటి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు బీళ్లను అభయారణ్యముగా ప్రకటించిరి. 1991లో చట్టమును సవరించి వినోదపు వేటనే మాన్పిరి.

అయినను రాత్రివేళ డొంకలో చట్టము కావలి యుండదు. మేము చెప్పునదేమన: పంచాయతీవారును అటవీశాఖవారును సమ్మతించినచో, బీడునకు పోవు డొంకకు అడ్డుమ్రాను పెట్టి తాళము వేయుడు. ఎడ్లబండ్లకు పగలు తీయవచ్చును. కృష్ణజింకలు పైరు మేసినవను కోపముతో జీపువారికి దారి చూపరాదు. ఆ నష్టమునకు అటవీశాఖవారికి అర్జీ పెట్టుకొనవలెను. వేటకాని తుపాకిని మనము పట్టలేకపోవచ్చును గాని, వాని బండికి దారి మూయుట మన చేతిలోని పనియే.