లేసు ఎన్ని మీటర్లు కొనాలి? చుట్టుకొలత లెక్క ఇంత సులువు

పోయిన ఈద్‌కి మా ఇంట్లో ఎనిమిది పలకల టీపాయ్‌కి ఆపా కొత్త కవర్ కుట్టింది. చుట్టూ గోటా లేసు వెయ్యాలి. అమ్మీ టేపు పెట్టి ఈ అంచు నుంచి ఎదురు అంచుకి కొలిస్తే 90 సెంటీమీటర్లు వచ్చింది. "వెడల్పుకి మూడింతలు చాలులే" అని 2 మీటర్ల 70 సెంటీమీటర్లు తెప్పించింది. తీరా కుట్టాక జానెడుకు పైనే తక్కువ పడింది. మళ్లీ షాపుకెళ్తే అదే లేసు అయిపోయిందన్నారు!

ఇది ఆరో తరగతి లెక్కే. పిల్లలకి చెప్పేముందు మనం కూడా ఒకసారి చూద్దాం.

అన్ని భుజాలూ సమానంగా, అన్ని కోణాలూ సమానంగా ఉన్న ఆకారాన్ని క్రమ బహుభుజి అంటారు. సమబాహు త్రిభుజానికి 3 భుజాలు, చతురస్రానికి 4, పంచభుజికి 5, షడ్భుజికి 6, అష్టభుజికి 8. చుట్టూ ఒక రౌండ్ తిరిగితే వచ్చే పొడవే చుట్టుకొలత.

చుట్టుకొలత = భుజాల సంఖ్య × ఒక భుజం పొడవు

మన చార్మినార్ చతురస్రం. ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు. అంటే చుట్టుకొలత 4 × 20 = 80 మీటర్లు. కుతుబ్‌షాహీ సమాధుల్లో జంషీద్ కులీ కుతుబ్‌షా సమాధి అష్టభుజి. అక్కడైతే ఒక వైపు కొలిచి 8తో గుణిస్తే చాలు.

ఇప్పుడు మా టీపాయ్. ఒక్కో భుజం 37 సెంటీమీటర్లు. 8 × 37 = 296. తెచ్చింది 270. తక్కువ పడింది 26.

మరి "మూడింతలు" ఎక్కడిది? షడ్భుజికి ఒక మూల నుంచి ఎదురు మూలకి కొలిస్తే భుజానికి సరిగ్గా రెండింతలు ఉంటుంది. కాబట్టి అక్కడ మూడింతలు సరిపోతుంది. అష్టభుజికి సరిపోదు. అందుకే వెడల్పు కాదు, భుజం కొలవండి.

తిరగేసి అడిగితే? ఇంట్లో 3 మీటర్ల లేసు మిగిలింది. దానితో షడ్భుజి కవర్ వేస్తే ఒక్కో భుజం ఎంత ఉండొచ్చు? గుణకారం బదులు భాగహారం చెయ్యాలి: 300 ÷ 6 = 50 సెంటీమీటర్లు. అష్టభుజి అయితే 300 ÷ 8 = 37.5.

పరీక్షలో ఇదే లెక్క కొంచెం వేషం మార్చుకుని వస్తుంది. షడ్భుజి భుజం 2x + 1, చుట్టుకొలత 78 అయితే x ఎంత? ముందు 78 ÷ 6 = 13. అంటే 2x + 1 = 13, 2x = 12, x = 6. పిల్లలు తప్పు చేసేది ఎక్కువగా 6తో భాగించడం మర్చిపోయి.

రెండు జాగ్రత్తలు. మీటర్లు, సెంటీమీటర్లు కలపొద్దు. అన్నీ ఒకే కొలతలోకి మార్చుకోండి. జానమాజ్ లాంటి దీర్ఘచతురస్రానికి ఈ సూత్రం పనికిరాదు, ఎందుకంటే భుజాలన్నీ సమానం కావు. దానికి పొడవు, వెడల్పు కలిపి రెండింతలు చెయ్యాలి.

షాపుకెళ్లేముందు ఖర్చు కూడా చూసుకోండి. 296కి ఒక్కో మూల మలుపుకి 2 చొప్పున 16, అతుకుకి 5 కలిపితే 317. అంటే 3.25 మీటర్లు కొనాలి. మీటరు 60 రూపాయలైతే 195 రూపాయలు.

మా టీపాయ్ కవర్‌కి ఇప్పటికీ ఒక మూల వేరే రంగు లేసే ఉంది. చుట్టాలొచ్చినప్పుడు ఆ మూలని గోడవైపు తిప్పేస్తుంది అమ్మీ.