చిన్న కారు యంత్రము – దాని సంరక్షణము

తిరుపతి నుండి రేణిగుంట, ఏర్పేడు మీదుగా శ్రీకాళహస్తికి పోవు బాటను ఒక గడియసేపు నిలిచి చూచినచో, పెద్ద బస్సుల నడుమను, ఇసుక లారీల వెనుకను, ఏదో యొక పాత చిన్న కారు తన పని తాను చేసికొనుచు పోవుట కానవచ్చును. ఇంత చిన్న యంత్రము ఇన్ని యేండ్లు ఎట్లు పని చేయుచున్నదని బాలురు మమ్ము అడుగుట కలదు. చిన్నదగుటచే యంత్రము బలహీనము కాదు. అది ముందుగా తెలుపు గురుతులను గమనింపనివాని చేతిలోనే బలహీనమగును. ఈ సంగతినే యిందు వివరింప దలచితిమి.

మన దేశమున మిక్కిలి పేరొందిన చిన్న కారు మారుతి 800. 1983వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన తొలి బండి యజమానికి అందినది; 2014 జనవరిలో దాని నిర్మాణము ఆగిపోయినది. ఈ నడుమ ఇరువదియైదు లక్షలకు పైగా బండ్లు తయారైనవి. దాని యంత్రమునకు సిలిండర్లు మూడు. మూడింటి పరిమాణము కలిసి 796 ఘన సెంటీమీటర్లు, అనగా ఒక లీటరునకు తక్కువ. సిలిండరు వ్యాసము 68.5 మిల్లీమీటర్లు, పిస్టను క్రిందికిని మీదికిని నడచు దూరము 72 మిల్లీమీటర్లు. గణితము నేర్చిన విద్యార్థులు ఈ యంకెల నుండి 796ను తామే రాబట్టుకొనవచ్చును.

గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి సిలిండరులోనికి పోవును; పిస్టను ఆ మిశ్రమమును అదుమును; ప్లగ్గు పుట్టించిన నిప్పురవ్వచే అది మండి పిస్టనును త్రోయును; కాలిన వాయువు వెలుపలికి పోవును. ఈ నాలుగు పనులు ముగియునప్పటికి యంత్రపు ఇరుసు రెండు చుట్లు తిరుగును. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు వేళ ఒక్కొక్క సిలిండరులో 1,500 మారులు, మూడింటిలో 4,500 మారులు, అనగా సెకనునకు 75 మారులు మంట పుట్టుచుండును. ఆ మంట వేడిమి 2,000 సెంటిగ్రేడు డిగ్రీలను మించును. పిస్టను అల్యూమినియపు మిశ్రలోహముతో చేయబడినది. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. అయినను పిస్టను కరగకుండుటకు కారణమేమి? మంట క్షణికమగుట యొకటి. నూనెయు నీరును ఆ వేడిని ఎడతెగక మోసికొనిపోవుట రెండవది. పెట్రోలునందలి వేడిలో సుమారు పావు మొదలు మూడవ వంతు వరకే పనిగా మారును. తక్కినది పొగగొట్టము ద్వారాను, రేడియేటరు ద్వారాను బయటికి పోవలయును. పోనిచో యంత్రమే చెడును.

కావున మొదట చూడవలసినది నీరు. ఒక మండు వేసవిలో మేము శ్రీకాళహస్తి నుండి తిరిగి వచ్చుచుండగా వేడిని చూపు ముల్లు పైగీటును తాకినది. ఊరు దగ్గరనే యున్నది గదా యని ఆపక మరి నాలుగు కిలోమీటర్లు నడిపితిమి. రబ్బరు గొట్టమొకటి బీటలు వారి నీరంతయు కారిపోయియుండెను. ఆ కొద్ది దూరములోనే సిలిండరు హెడ్డు వేడికి వంగి, దాని క్రింది గాస్కెట్టు కాలిపోయినది. వందలలో తీరవలసిన పని వేలకెక్కినది. తప్పు యంత్రమునది కాదు. అది ముల్లుతో చెప్పినది, మేము వినమైతిమి.

ముల్లు పైకి పోయినచో వెంటనే ప్రక్కకు నిలిపి యంత్రమును ఆపవలయును. అది చల్లారక మునుపు రేడియేటరు మూత విప్పరాదు. లోపలి నీరు ఒత్తిడిలో నుండుటచే నూరు డిగ్రీలు దాటియు మరుగక యుండును. మూత విప్పినంతనే ఆవిరియై ఎగసి ముఖమును, చేతులను కాల్చివేయును. ఇక మన ప్రాంతపు బోరు నీటిని రేడియేటరులో పోయుట మంచిది కాదు. నీళ్లు కాచు కాగు అడుగున తెల్లని పెచ్చు కట్టుట తల్లులెల్లరకు తెలిసినదే. అట్టి పెచ్చే రేడియేటరు సన్నని గొట్టములను పూడ్చును. కూలెంటు ద్రవమును బండి పుస్తకములో చెప్పిన పాళ్లలో వాడవలయును.

రెండవది నూనె. బండిని చదునైన నేలపై నిలిపి, యంత్రమును ఆపి, కొన్ని నిమిషములు తాళి, కొలపుల్లను తీసి తుడిచి మరల ముంచి చూడవలయును. నూనె రెండు గీట్ల నడుమ నుండవలెను. తక్కువైనను, మిక్కుటమైనను కీడే. బండి నడచుచుండగా నూనెడబ్బా గుర్తుగల ఎర్ర దీపము వెలిగినచో, నూనె ఒత్తిడి పోయినదని యర్థము. అప్పుడు ఇంటివరకు పోదమని తలపరాదు, అచ్చటనే ఆపవలయును.

మూడవది గాలి. స్వర్ణముఖి ఇసుకను మోయు లారీల వెనుక పోవు బండి దుమ్మును పీల్చకుండునా? ఇసుకరేణువు ఇనుముకంటె గట్టిది; లోనికి పోయినచో సిలిండరు గోడలను ఆకురాయివలె అరగదీయును. ఎయిరు ఫిల్టరు ఒక్కటే దానిని అడ్డగించును. కావున మన బాటలపై దానిని తరచుగా చూచుట మేలు. ఇట్లే టైమింగు బెల్టును తెగిన పిదప గాక, పుస్తకములో చెప్పిన దూరమునకే మార్చవలయును. నేడు బంకులలో అమ్ము పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు చేరియున్నది. పాత బండ్ల రబ్బరు గొట్టములకు అది అంతగా సరిపడదు. పెట్రోలు వాసన తగిలినచో ఉపేక్షింపరాదు. అది అగ్నికి హేతువు.

తిరుమల కొండకు తొలి ఘాటు రోడ్డు 1944లోను, రెండవది 1974లోను తెరువబడినవి. ఎక్కునపుడు చిన్న గేరులో నడుపుచు ముల్లును చూచుచుండవలయును. దిగునపుడు పెట్రోలు మిగులునని యంత్రమును ఆపి జారవిడుచువారు కలరు. ఇది ప్రాణములతో ఆట. యంత్రము ఆగినచో బ్రేకునకు తోడ్పడు శక్తి కొలది త్రొక్కుళ్లలోనే తీరిపోవును. తాళపుచెవి తీసినచో స్టీరింగు బిగిసికొనును. చిన్న గేరులో దిగినచో యంత్రమే బండిని పట్టియుంచును.

యాత్రికులను చేరవేసి కుటుంబమును పోషించుకొను తండ్రులు మనలో ననేకులు. వారికి బండి నిలిచిన దినము కూలి లేని దినము. దివిటీ పట్టియు నూనె మరచిన కన్యకల కథ మన పిల్లలెరుగుదురు. విద్యార్థులారా, ఈ శనివారము సాయంకాలము పది నిమిషములు మీ తండ్రిగారి ప్రక్క నిలిచి, చల్లారిన యంత్రమున నీటిని, నూనెను, గొట్టములను మీ కన్నులతో చూడుడు. ఆ పది నిమిషములే ఆ బండికి నిజమైన బలము.