తెల్లవారితే చలి, పొద్దెక్కితే ఎండ
మోటారు సైకిలు మీద పోయేవారికి ఏ జాకెట్టు మేలు?

మంత్రాలయం: పుష్యమాసంలో తెల్లవారుజామున ఎమ్మిగనూరు-మంత్రాలయం రోడ్డు పక్కన ఒక గంటసేపు నిలబడితే మోటారు సైకిళ్ళ మీద పోయేవారి వేషాలు రకరకాలుగా కనిపిస్తాయి. పాలక్యాన్లు కట్టుకొని పోయేవారికి మంకీ క్యాపు, దాని మీద చుట్టిన తువ్వాలు. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి బోరాలు ఆటోలో వేసి, దాని వెనుకే బండి మీద బయలుదేరిన రైతుకు భుజాల మీద కంబళి. తుంగభద్ర వంతెన దాటి రాయచూరు వైపు నుంచి గురువారం దర్శనానికి వచ్చే కుర్రకారుకు నల్లని రెక్సిన్ జాకెట్టు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆ మనుషులే ఆ రోడ్డు మీదనే తిరిగి వస్తారు. అప్పటికి కంబళి పెట్రోలు ట్యాంకు మీదికి, జాకెట్టు హ్యాండిలు మీదికి చేరివుంటాయి. తువ్వాలు మాత్రం చలికీ ఎండకూ తల మీదనే.

కర్నూలు జిల్లా పడమటి మండలాలలో చలికాలం తీరే అంత. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15 డిగ్రీల దాపుకు దిగడం, మధ్యాహ్నానికి 30 డిగ్రీలు చేరడం మామూలే. తుంగభద్ర దిగువ కాలువ కింద తడి పొలాల మధ్య పోయే రోడ్ల మీద చలి మరింత కొరుకుతుంది. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర వచ్చేది కూడా ఈ రోజులలోనే. పశువుల సంతకు చీకటితోనే బయలుదేరేవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

నిజానికి 15 డిగ్రీలు పెద్ద చలి కాదు. అరుగు మీద కూర్చున్నవానికి ఒక దుప్పటి చాలు. కాని మనిషి ఒంటిని అంటిపెట్టుకొని వెచ్చని గాలి పొర ఒకటి వుంటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి మీద ఎదురుగాలి ఆ పొరను నిమిష నిమిషానికీ ఊడ్చుకుపోతుంది. ముందు వేళ్ళు కొంకర్లు పోతాయి, తరువాత కళ్ళ నీళ్ళు. ఇక్కడే ప్రమాదం వున్నది. ఆ వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. మొద్దుబారిన వేళ్ళు బ్రేకు పట్టడానికి ఒక్క సెకను ఆలస్యం చేస్తే, దీపం లేని ఎద్దుల బండి ఆ 11 మీటర్ల లోపలే వుండవచ్చు. కనుక జాకెట్టు సంగతి షోకు సంగతి అనుకొని కొట్టిపారేయడానికి లేదు.

కంబళి గొప్పది, కాని...

ఈ ప్రాంతంలో చలికి మొదటి మందు కంబళి. కురుబలు నల్లగొర్రె ఉన్ని వడికి, చింతగింజల గంజి పట్టించి నేసే ఈ కంబళి తడిసినా వెచ్చదనం పోగొట్టుకోదు. సన్నని జల్లు పడితే నీటిని జార్చివేస్తుంది. గొర్రెల మంద వెనుక నడిచేవానికి దానిని మించినది లేదు. అయితే అది నడిచేవాని కోసం పుట్టిన బట్ట. బండి మీద కూర్చుంటే గాలికి ఉబ్బి తెరచాప అవుతుంది. కొస జారి వెనుక చక్రంలోనో గొలుసులోనో చిక్కిందంటే మనిషిని వెనక్కి లాగి రోడ్డు మీద పడవేస్తుంది. తల మీదుగా కప్పుకుంటే పక్క నుంచి వచ్చే లారీ కనిపించదు, హారను వినిపించదు. శాలువలు, పొడుగాటి మఫ్లర్లు చేసే పనీ ఇదే.

స్వెట్టరు సంగతి వేరు. అల్లికలోని కన్నాల గుండా గాలి సులభంగా దూరుతుంది. కూర్చున్న చోట వెచ్చగా వుండే స్వెట్టరు బండి ఎక్కగానే పనికిరానిదైపోవడానికి కారణం ఇదే. దీనికి విరుగుడు ప్రతి ఇంటిలోనూ వున్నది. వానాకాలం తరువాత గూటిలో పెట్టిన వానకోటును స్వెట్టరు మీద తొడిగితే గాలి ఆగిపోతుంది, లోపలి వెచ్చదనం లోపలే వుంటుంది. తొమ్మిది గంటలకు ఎండ ముదరగానే దానిని తీసివేయాలి. లేకపోతే చెమట బయటికి పోయే దారి లేక చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. అదీ లేనివారు దినపత్రికను మడిచి చొక్కా లోపల రొమ్ముకు అడ్డంగా పెట్టుకోవచ్చు. ఫ్రాన్సు దేశపు సైకిలు పందెంలో కొండ దిగేటప్పుడు పోటీదారులు చేసేది అదే. కాగితం గాలిని బాగా ఆపుతుంది. చదివిన తరువాత పెట్టుకుంటే రెండు లాభాలు.

తోలా, నూలా, జల్లెడ గుడ్డా?

ఇంతవరకూ చలి మాట. జాకెట్టుకు రెండవ పని వున్నది. మనిషి కిందపడినప్పుడు తారు రోడ్డుకూ చర్మానికీ మధ్య అడ్డుగా నిలవడం. ఈ పనిలో నూలు బట్ట తట్టుకోలేదు. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకొన్న ఎమ్మిగనూరులోనూ, పత్తి వ్యాపారం వల్ల రెండవ బొంబాయి అనిపించుకొన్న ఆదోనిలోనూ ఈ మాట అనడం కష్టమే. కాని నిజం నిజమే. ఒంటికి చల్లగా, చెమట పీల్చేదిగా నూలును మించినది లేదు. లోపల తొడుక్కోవలసినది అదే. రోడ్డు మీద జారితే మాత్రం పలుచని నూలు చొక్కా క్షణంలో పీలికలవుతుంది.

తోలు ఆ రాపిడిని బాగా తట్టుకుంటుంది. 1928లో న్యూయార్కులో ఇర్వింగ్ షాట్ అనే వ్యాపారి జిప్పు వున్న తోలు మోటారు సైకిలు జాకెట్టు తయారుచేసి ఐదున్నర డాలర్లకు అమ్మించాడు. తరువాత సినిమా కథానాయకులు దానిని దేశదేశాలకూ పాకించారు. అయితే అది చలిదేశపు దుస్తు. ఆదోని ఎండలో పదిన్నర గంటలకు అది ఆవిరిపొయ్యి. దుకాణాలలో వేలాడే రెక్సిన్ జాకెట్టు చూడడానికి తోలు వలె వుంటుంది గాని, ఎండకు పగుళ్ళు తీస్తుంది, పడితే చిరుగుతుంది, చెమటను బయటికి పోనివ్వదు. డబ్బు తక్కువని దానిని కొనడం కంటె వానకోటుతో సర్దుకోవడం నయం.

పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ వుండే ఈ సీమకు సరిపోయేది జల్లెడ వంటి అల్లిక గుడ్డతో, అంటే మెష్‌తో, చేసిన రైడింగు జాకెట్టు. గట్టి నైలాను లేదా పాలియెస్టరు దారంతో నేసిన ఈ గుడ్డ కన్నాల గుండా గాలి ఒంటికి తగులుతుంది. భుజాలు, మోచేతులు ఎక్కువ రాపిడి తగిలే చోట్లు గనుక అక్కడ దట్టమైన గుడ్డ వేస్తారు. లోపల జిప్పుతో తగిలించి తీసివేయగల అస్తరు ఒకటో రెండో వుంటాయి. ఒకటి గాలినీ వాననూ ఆపేది, రెండవది వెచ్చదనానికి. తెల్లవారుజామున తగిలించి, మార్కెట్‌లో టెండరు అయ్యేసరికి తీసి సంచిలో వేసుకుంటే ఒకే జాకెట్టు రెండు పూటలా పనిచేస్తుంది. గాలిని ఆపే అస్తరును జాకెట్టు మీద తొడుక్కొనేదిగా చేసినవి ఇంకా మేలు. నడిదారిలో జాకెట్టు విప్పనక్కరలేదు.

కొనేటప్పుడు అద్దం ముందు నిలబడి చూసుకోవడం చాలదు. బండి మీద కూర్చొని, చేతులు హ్యాండిలుకు చాచి చూడాలి. చెయ్యి చాచినప్పుడు మణికట్టు బయటపడితే, వంగినప్పుడు నడుము వెనుక సందు వస్తే అది మీ కొలత కాదు. ఆ సందులోనుంచే చలి దూరుతుంది. భుజం మీద, మోచేతి దగ్గర వుండే దిమ్మలను పట్టి కదిలించండి. అవి మోచేతి మీద నుంచి జారిపోతే పడినప్పుడు వాటి వల్ల ఉపయోగం లేదు. వేలితో నొక్కితే పరుపులోని స్పాంజి వలె అణగిపోయేవి వుత్త అలంకారం. అసలైన దిమ్మ మీద ఇ.ఎన్. 1621-1 అనే ఐరోపా ప్రమాణం గుర్తు ముద్రించి వుంటుంది. జాకెట్టు మొత్తానికి ఇ.ఎన్. 17092 అనే మరొక ప్రమాణం వున్నది. అందులో ఎ, ఎఎ, ఎఎఎ అని తరగతులు. ఎ ఎన్ని వుంటే రక్షణ అంత ఎక్కువ, సాధారణంగా బరువూ వేడీ అంత ఎక్కువ. ఇరవై, ముప్పై కిలోమీటర్ల పల్లె ప్రయాణాలకు ఎ తరగతితో సరిపెట్టుకొన్నా తప్పులేదు.

రంగు విషయంలో కుర్రవారికీ ఇంటి పెద్దలకూ పేచీ వస్తుంది. నల్లది మాయదు, నిజమే. కాని ఎండను తాగుతుంది, మసక వెలుతురులో లారీ డ్రైవరుకు కనిపించదు. లేత బూడిద రంగు, వీపు మీద దీపపు వెలుగుకు మెరిసే పట్టీ వున్నది ఈ రోడ్లకు తగినది. దుమ్ము పడితే ఉతుక్కోవచ్చు. దిమ్మలు తీసివేసి చల్లని నీళ్ళలో చేత్తో ఉతకాలి, నీడన ఆరవేయాలి.

ధర మాట

ఇటువంటి జాకెట్టు ఐదారు వేల రూపాయలకు తక్కువ దొరకడం కష్టం. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ముక్కాలు క్వింటాలు పత్తి ఒంటి మీద తొడుక్కొన్నట్లే. అప్పు తెచ్చి కొనవలసిన వస్తువు కాదు. ఉన్న డబ్బు కొంచెమే అయితే మొదట ఐ.ఎస్.ఐ. గుర్తు వున్న హెల్మెట్టు కొనాలి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనివి అమ్మడం చట్టవిరుద్ధం. జాకెట్టు తొడుక్కొమ్మని చట్టం అడగదు, హెల్మెట్టు మాత్రం అడుగుతుంది. అదే చలికి చెవులనూ కాపాడుతుంది గనుక మంకీ క్యాపు ఖర్చు మిగులుతుంది. రెండవది చేతి తొడుగులు. జాకెట్టు మూడవది.

వెనుక కూర్చొనే ఇల్లాలి సంగతి ఏ దుకాణదారూ అడగడు. చలి ఆమెకూ అంతే, పడితే దెబ్బ ఆమెకూ అంతే. ఆమెకు కనీసం పైటచెంగును నడుముకు బిగించి దోపుకొనే వీలు, బండికి చీరగార్డు వుండాలి. వెనుక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు వుండాలని 1989 మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. షోకు కోసం దానిని విప్పి అటకెక్కించేవారు ఊరికి పదిమంది కనిపిస్తారు.

ఎండాకాలం వస్తే జాకెట్టు తీసి మూలపడవేయాలని అందరూ అనుకుంటారు. ఆదోనిలో ఎండ 40 దాటినప్పుడు గాలి మన చర్మం కంటె వేడిగా వుంటుంది. వేగంగా పోయేకొద్దీ ఆ గాలి ఒంటిని చల్లబరచదు, కాలుస్తుంది. చేలలో పనిచేసే కూలీలు మే నెలలో తలకూ ముఖానికీ గుడ్డ చుట్టుకొనేది ఇందుకే. లోపలి నూలు బనియనును తడిపి పిండి, పైన అస్తరు తీసిన జాకెట్టు తొడిగితే ఆ తడి ఆరేవరకూ చల్లగా వుంటుంది. ముప్పై కిలోమీటర్లకు ఒకసారి చెట్టు నీడన ఆగి మళ్ళీ తడుపుకోవచ్చు.

మంత్రాలయం వచ్చేవారికి మరొక ఇబ్బంది. బృందావనం దర్శనానికి మగవారు చొక్కా, బనియను విప్పి చేత పట్టుకొని వెళ్ళవలసిన చోట రెండు కిలోల జాకెట్టును ఎక్కడ పెట్టాలి? బండి మీద వదిలితే దొంగల భయం, చంకన పెట్టుకుంటే వరుసలో పక్కవారికి అడ్డు. అందుకే తరచు వచ్చేవారు బండికి తాళం వున్న పెట్టె బిగించుకుంటున్నారు. జాకెట్టు, హెల్మెట్టు రెండూ అందులో పట్టేటట్లు కొలత చూసుకొని కొనడం మంచిది.