థ్రిల్లర్ చిత్రం: లక్షణం – ఉల్లంఘనం

కావ్యాలు ముందు పుట్టాయి. లక్షణ గ్రంథాలు తరువాత వచ్చాయి. కవుల రచనలలో పదే పదే కనిపించిన ధర్మాలను గుర్తించి లాక్షణికులు వాటిని సూత్రాలుగా కూర్చారు. చలనచిత్రాల విషయంలోనూ జరిగింది ఇదే. పౌరాణికం, జానపదం, సాంఘికం, హాస్యం అంటూ ప్రేక్షకులు చిత్రాలను వేరు చేసి చూడడం అలవాటైన కొద్దీ, ఒక్కొక్క ప్రక్రియకు కొన్ని లక్షణాలు స్థిరపడ్డాయి. అలా స్థిరపడిన ప్రక్రియలలో థ్రిల్లర్ ఒకటి. కెమెరా ఉన్న సెల్‌ఫోన్ చేతికి వచ్చాక లఘుచిత్రం తీయాలనుకొనే విద్యార్థులు తరచుగా ఎన్నుకొనే ప్రక్రియ కూడా ఇదే. కనుక దీని లక్షణాలను, వాటిని ఎప్పుడు పాటించాలో, ఎప్పుడు దాటాలో తెలుసుకోవడం అవసరం.

ప్రేక్షకునిలో ఉత్కంఠను రేపి, దానిని చివరిదాకా నిలిపి, తగిన సమయంలో విడిపించే చిత్రం థ్రిల్లర్. చీకటి, ఏకాంత ప్రదేశం, ఒక నేరం, నలుగురైదుగురు అనుమానితులు, తప్పుదారి పట్టించే ఆధారాలు, గడువు ముంచుకు వస్తున్న కాలం, చివర బయటపడే రహస్యం – ఇవి దీని సామాన్య లక్షణాలు. ఇవి కేవలం అలంకారాలు కావు. ప్రతి లక్షణమూ దర్శకుడు ప్రేక్షకునికి ఇచ్చే ఒక మాట. మొదటి దృశ్యంలో తాళం వేసిన గదిని చూపితే, ఆ తలుపు ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకొంటుందని మాట ఇచ్చినట్లే.

ఉత్కంఠకూ ఉలికిపాటుకూ భేదం ఉన్నది. ఈ భేదాన్ని ఆంగ్ల దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ బల్ల కింద బాంబు అనే ఉదాహరణతో వివరించాడు. దానిని మన ఊరికి అన్వయించి చూడవచ్చు. తిరుపతి బస్‌స్టాండులో ఇద్దరు మిత్రులు క్రికెట్ గురించి మాట్లాడుకొంటున్నారు. హఠాత్తుగా బెంచీ కింద ఏదో పేలింది. ప్రేక్షకుడు క్షణకాలం ఉలిక్కిపడతాడు, అంతటితో సరి. అదే బెంచీ కింద ఒకడు సంచి పెట్టి వెళ్లిపోవడం ప్రేక్షకుడు ముందే చూశాడనుకొందాం. అప్పుడు అదే క్రికెట్ ముచ్చట అయిదు నిమిషాలు సాగినా అతడు కళ్లు తిప్పుకోలేడు. పాత్రలకు తెలియనిది ప్రేక్షకునికి తెలియడమే ఇక్కడి కీలకం. ఉలికిపాటుకు పెద్ద శబ్దం చాలు. ఉత్కంఠకు మాత్రం కథనంలో క్రమం కావాలి.

ఈ లక్షణాలను చక్కగా వాడుకొన్న తెలుగు చిత్రానికి చిత్తూరు సీమతో సంబంధం ఉన్నది. వంశీ దర్శకత్వంలో 1985లో వచ్చిన ‘అన్వేషణ’ తలకోన అడవులలో చిత్రీకరణ జరుపుకొన్నది. నాడు చిత్తూరు జిల్లాలో ఉన్న తలకోన 2022లో జరిగిన పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరింది. అడవిలో మరణాలు జరుగుతుంటాయి. అందుకు పులి కారణమని జనం నమ్ముతారు. ఆ నమ్మకం వెనుక ఉన్న నిజాన్ని వెదకడమే కథ. ఏకాంత ప్రదేశం, వరుస మరణాలు, ఎవరినీ నమ్మలేని స్థితి – ఇవన్నీ ప్రక్రియకు పరిచితమైన లక్షణాలే. అయితే భానుప్రియ ధరించిన కథానాయిక పాత్ర సంగీతానికీ పక్షుల కూతలకూ గల సంబంధాన్ని పరిశోధించడానికి ఆ అడవికి వస్తుంది. భయం పుట్టించవలసిన అడవి ఆమెకు సంగీతశాల. థ్రిల్లర్‌లో పాటలు కథను ఆపుతాయన్న ఆక్షేపణ ఉన్నది. ఇక్కడ పాటకు కథలోనే చోటు ఏర్పడింది. ఇళయరాజా స్వరపరచిన ఒక పాటకు ‘కీరవాణి’ అన్న పేరు. అది రాగం పేరు. కీరమంటే చిలుక కనుక పక్షినీ స్ఫురింపజేస్తుంది. లక్షణాలన్నింటినీ పాటించి, ఒక్కదానిని మాత్రం కారణంతో మార్చడం ఈ చిత్రం ప్రత్యేకత. నేరస్థుడెవరో ఇక్కడ చెప్పకపోవడం కూడా ఈ ప్రక్రియ మర్యాదే.

నియమాన్ని తెలిసి దాటడం కొత్త విషయం కాదు. నాటకంలో శృంగారమో వీరమో ప్రధాన రసంగా ఉండాలని లాక్షణికులన్నారు. విశాఖదత్తుడు ‘ముద్రారాక్షసం’లో ప్రణయానికి తావే ఇవ్వలేదు. ఒక ఉంగరం, ఒక లేఖ, గూఢచారులు, చాణక్యుని ఎత్తులు – వీటితోనే ఏడంకాలు నడిపాడు. రంగస్థలం మీద మరణాన్ని చూపరాదన్న నియమం ఉండగా, భాసుడు ‘ఊరుభంగం’లో దుర్యోధనుని అంత్యఘట్టాన్ని ప్రేక్షకుల ఎదుటనే నిలిపాడు. 1960లో వచ్చిన ‘సైకో’లో హిచ్‌కాక్, ప్రధాన పాత్ర అని ప్రేక్షకులు నమ్మిన స్త్రీని సగం కథ కూడా కాకముందే హతమార్చాడు. తరువాత ఏమైనా జరగవచ్చునన్న భయం ప్రేక్షకునిలో అక్కడి నుండే మొదలవుతుంది. 2003లో చంద్రశేఖర్ యేలేటి ‘ఐతే’ చిత్రాన్ని పేరున్న కథానాయకుడు లేకుండానే, నలుగురు నిరుద్యోగ యువకుల చుట్టూ నడిపాడు. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. వీరిలో ఎవరూ నియమం తెలియక దాటలేదు. ఒక్కొక్కరు ఒక్కటే ప్రధానమైన మార్పు చేశారు. మిగిలిన కట్టడిని గట్టిగా పట్టుకొన్నారు.

మరి విద్యార్థి ఏ నియమాన్ని ప్రశ్నించాలి? దీనికి సమాధానం రాయలసీమలో సులభంగా దొరుకుతుంది. 1990ల చివరి నుండి వచ్చిన ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటి చిత్రాలతో రాయలసీమ అంటే పగలు, బాంబులు అన్న చిత్రణ స్థిరపడింది. అటువంటి అనేక చిత్రాలలో కథానాయకుడు పుస్తకభాష మాట్లాడతాడు. ప్రతినాయకుడు సీమ యాస మాట్లాడతాడు. యాస వినబడగానే ప్రేక్షకుడు దుర్మార్గుణ్ణి గుర్తుపడతాడు. దర్శకునికి ఇది సులువైన దారి. కాని అది ఆ యాసతో పుట్టి పెరిగిన లక్షల మందిపై వేసిన ముద్ర. కళాశాల వేదిక ఎక్కగానే ఇంటి మాటను దాచుకొనే విద్యార్థి ఆ ముద్ర బరువు మోస్తున్నవాడే.

తమిళ, కన్నడ సరిహద్దుల స్పర్శతో రూపొందిన చిత్తూరు యాసకు సాహిత్యంలో గౌరవస్థానం ఉన్నది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఆ యాసలోనే కథలు రాసి పాఠకులను మెప్పించాడు. 2021లో వచ్చిన ‘పుష్ప’లో కథానాయకుడే ఆ యాస మాట్లాడాడు. ఇక ఉత్కంఠకు హంతకుడు సైతం అవసరం లేదని చిత్తూరు జిల్లాలో పుట్టిన కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలలో నిరూపించాడు. తప్పిపోయిన పందిని వెదుకుతూ రాత్రివేళ అడవికి వెళ్లిన ఒక ముసలివాని కథ అది. ఒక మనిషి, ఒక పంది, ఒక రాత్రి – పాఠకుడు ఊపిరి బిగబట్టి చదువుతాడు.

ఈ సూత్రాలను ఒక పది నిమిషాల చిత్రానికి అన్వయించి చూద్దాం. చిత్తూరులో తోతాపురి మామిడి కాయలు గుజ్జు కర్మాగారాలకు వెళ్లే కాలం. ఒక మండీలో తూకం చీటీలు రాసే యువతి ఉన్నది. ఒక రాత్రి చీటీల పుస్తకంలో ఒక సంఖ్య కనిపించదు. ఆ సంఖ్య గల లారీ తెల్లవారేలోగా సరిహద్దు దాటుతుంది. ఏకాంత ప్రదేశం, గడువు, రహస్యం – మూడు లక్షణాలూ కుదిరాయి. ఇక అలవాటు ప్రకారం ఆ యువతి భయపడాలి. ఎవరో యువకుడు వచ్చి కాపాడాలి. కుంటుతూ నడిచే కాపలావాడు దొంగ కావాలి. ఈ చిత్రంలో చీటీని వెదికేది ఆమెయే. కాపలావానిపై ప్రేక్షకునికి కలిగే అనుమానం అతని నడకను చూసి పుట్టినది. చివరకు ఆ అనుమానమే తప్పని తేలుతుంది. అసలు దోషి మొదటి దృశ్యంలోనే జేబులో కలం పెట్టుకొంటూ కనిపించిన గుమాస్తా. ముగ్గురూ ఒకే యాస మాట్లాడతారు. కనుక మాటను బట్టి ఎవరినీ శంకించే వీలు లేదు. ప్రేక్షకుడు మనుషుల చేతలనే గమనించవలసి వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నియమాన్ని దాటడం వేరు, ప్రేక్షకుణ్ణి మోసగించడం వేరు. గుమాస్తా దోషి అని చివర చెప్పదలచినప్పుడు, అందుకు తగిన ఆధారం ముందే తెరమీద ఉండాలి. రెండవసారి చూసినవాడు ‘ఇది మన కళ్ల ముందే ఉన్నది కదా’ అనుకోవాలి. ‘ఇదంతా కల’ అని ముగించడం ఇచ్చిన మాట తప్పడమే.

వ్యయం తక్కువైనంత మాత్రాన ఉత్కంఠ తగ్గదు. ఒకే దీపపు వెలుగు, మూసిన తలుపు వెనుక అడుగుల సవ్వడి, అకస్మాత్తుగా ఆగిన కీచురాళ్ల రొద – వీటికి ధనం అక్కరలేదు, శ్రద్ధ కావాలి. చిత్రీకరణకు ముందు స్థలాల అనుమతి తీసుకోవాలి. అడవులలోనైతే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. జనసంచారం ఉన్నచోట బొమ్మ ఆయుధాలతో నటించవలసి వస్తే పోలీసులకు ముందుగా తెలియజేయడం మంచిది.

క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. ఈ మాట థ్రిల్లర్‌కూ వర్తిస్తుంది. ఉత్కంఠను నిలిపే నియమాన్ని పాటించడం ఔచిత్యం. ఒక ప్రాంతాన్నో, ఒక మాటతీరునో, ఒక శరీరాన్నో దోషిగా నిలబెట్టే అలవాటును విడిచిపెట్టడమూ ఔచిత్యమే. ఈ రెండింటి భేదాన్ని గుర్తించిన విద్యార్థి తన ఊరిని, తన మాటను దాచకుండానే ప్రేక్షకుణ్ణి కుర్చీ అంచున కూర్చోబెట్టగలడు.